రాజెక్కిన గాడిద

మన ఇళ్ళల్లో రోజుకి ఎన్నిసార్లు గాడిద పేరు ఎత్తుతామో ఎప్పుడైనా లెక్కపెట్టారా? పాలు తాగనని మొరాయించే పిల్లాడు గాడిద. పరీక్ష తప్పినవాడు అడ్డగాడిద. అక్కరకొస్తే వసుదేవుడంతటివాడే గాడిద కాళ్ళు పట్టుకున్నాడని ఒక సామెత, గంధపు చెక్కల వాసన గాడిదకేం తెలుసని ఇంకో సామెత. పాపం, ఆ నోరులేని జీవం మన మాటల్లో మోసినంత బరువు చాకిరేవు దారిలో కూడా మోసి ఉండదు.

అలాంటి గాడిదని ఒక రాజు కోరి తెప్పించుకుని, దానిమీదెక్కి రాజధానిలోకి ఊరేగింపుగా వస్తే ఎలా ఉంటుంది? బైబిల్లో ఉందా కథ. నేను క్రైస్తవురాలిని కాను. ఎప్పుడో బి.ఏ.లో చరిత్ర చదివి, ఆ తర్వాత నవలలు రాసుకుంటూ బతుకుతున్నదాన్ని. కానీ మా ఖమ్మం అడవుల వైపు ఆ కథ ఏ నేలమీద వినిపించిందో తెలిసినప్పటినుంచీ అది నన్ను వదలడం లేదు.

భద్రాచలం వెళ్ళినవాళ్ళు చాలామంది పర్ణశాల కూడా చూసే వస్తారు. సుమారు 35 కిలోమీటర్లు. సీతమ్మవారు నారచీరలు ఆరేసుకున్న గుర్తులంటూ అక్కడ రాళ్ళమీద చారలు చూపిస్తారు. మన ఆడవాళ్ళం ఆ రాళ్ళ దగ్గరే ఎక్కువసేపు నిలబడిపోతాం. ఆ తర్వాత గోదావరి అవతలి ఒడ్డున ఒక గుట్టకేసి వేలు చూపించి, రావణాసురుడు రథం దింపింది అక్కడేనంటారు. ఆ రథాన్ని లాగినవి ఏమిటో మాత్రం ఎవరూ చెప్పరు. మనం గుర్రాలనుకుంటాం. వాల్మీకి అరణ్యకాండ తీసి చూడండి. సీతమ్మని ఎత్తుకుపోయిన ఆ రథానికి కట్టినవి గాడిదలు. (అసలు పంచవటి మాదేనని నాసిక్ వాళ్ళు వాదిస్తారు. ఆ తగువు మనకొద్దు.)

పర్ణశాల ఉన్నది దుమ్ముగూడెం మండలంలో. రాములవారు పద్నాలుగు వేలమంది రాక్షసుల్ని సంహరిస్తే, ఆ బూడిదమీద, ఆ దుమ్ముమీద వెలిసింది కనుక దుమ్ముగూడెం అయిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఆ సేనకి నాయకుడు ఖరుడు. ఖరమంటే గాడిదే కదా! అంతటితో అయిందా? మేనమామ ఇంట ఉన్న భరతుడికి పీడకల వస్తుంది, తండ్రి గాడిదలు కట్టిన రథమెక్కి దక్షిణంగా పోతున్నట్టు. అశోకవనంలో త్రిజటకి వచ్చిన కలలో రావణుడూ అలాగే గాడిదల రథంమీద దక్షిణానికే పోతాడు. దక్షిణం యముడి దిక్కు. జ్యేష్ఠాదేవి వాహనమూ గాడిదే. ఇక పూర్వం పల్లెల్లో తప్పు చేసినవాడికి గుండు గీయించి, సున్నం బొట్లు పెట్టి, గాడిదమీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి ఊరంతా తిప్పేవారన్నది మన పెద్దవాళ్ళు చెప్పగా విన్నదే. అంటే మనకి గాడిద ఎక్కడమంటే చావన్నా కావాలి, చావుకన్నా హీనమైన అవమానమన్నా కావాలి.

సరిగ్గా ఆ దుమ్ముగూడెంలోనే క్రైస్తవ మిషను వెలిసింది, 1860ల తొలి రోజుల్లో. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక, కాటన్ దొర గోదావరి ఎగువకి కూడా పడవలు నడిపించాలని కలలు కన్నాడు. అందుకోసం దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట పని పెట్టారు. ఆ పని చూసిన ఇంజనీరు హేగ్, కాటన్ ఇద్దరూ మంచి మతనిష్ఠ ఉన్నవాళ్ళు. చర్చి మిషనరీ సొసైటీ వారి కోయ మిషను అలా మొదలైంది. మొదట ఆ పనికి పూనుకున్నది తెల్లదొర కాదు, మన తెలుగాయన. వెంకటరామరాజు గారని, రాజుల కుటుంబంలో పుట్టి, క్రైస్తవం పుచ్చుకుని, ప్రభుత్వ ఉద్యోగం వదిలేసి కోయగూడేల్లో తిరిగారు. 1870లలో జాన్ కెయిన్ అనే పాదిరీ వచ్చి ఏళ్ళ తరబడి అక్కడే ఉండి కోయభాష నేర్చుకున్నాడు, కోయల ఆచారాలమీద వ్యాసాలు రాశాడు. 1871లో పడవల పథకాన్ని మధ్యలోనే వదిలేశారు. మిషను మాత్రం నిలబడింది.

రాజుల ఇంట పుట్టిన ఆ రాజుగారు, ఖరుడి సేన బూడిదైందని చెప్పుకునే నేలమీద కూర్చుని, ఏసు గాడిదనెక్కి వచ్చాడని చెబుతుంటే వినేవాళ్ళ ముఖాలు ఎలా ఉండేవో! నవలలు రాసేదాన్ని కనుక ఊహించకుండా ఉండలేను. నవ్వు దాచుకుని ఉంటారు కొందరు. తెలుగు బైబిలు తయారుచేసినవాళ్ళు కావాలంటే గార్దభమనో ఖరమనో సంస్కృతపు ముసుగు వేసి గండం గట్టెక్కి ఉండొచ్చు. వెయ్యలేదు. అక్కడ గాడిద గాడిదే.

ఆ గ్రంథం పుట్టిన దేశంలో దాని సంగతే వేరు మరి. న్యాయాధిపతుల కాలంలో యాయీరు అనే పెద్దమనిషికి 30 మంది కొడుకులు, 30 గాడిదలు, 30 ఊళ్ళు ఉన్నాయని గొప్పగా చెప్పారు. తెల్లగాడిదనెక్కడం దొరతనానికి గుర్తు. ఇంకా వెనక్కి, క్రీ.పూ. 18వ శతాబ్దానికి వెళితే, సిరియా దేశంలోని మారి నగరపు రాజుకి ఆయన అధికారి ఒకడు రాసిన మట్టిపలక దొరికింది. గుర్రమెక్కడం మీ హోదాకి తగదు, పల్లకీలోనో కంచరగాడిదలమీదో వెళ్ళండి అని అందులో హితవు చెప్పాడు! దావీదు కొడుకుల తగువులోనూ ఇదే చూస్తాం. సింహాసనం లాక్కోవాలని చూసినవాడు రథాలూ గుర్రపు రౌతులూ సిద్ధం చేసుకున్నాడు. రాజయింది మాత్రం తండ్రి కంచరగాడిద ఎక్కి వచ్చిన సొలొమోను.

బైబిలు గాడిదల్లో మాట్లాడిన గాడిద కూడా ఒకటుంది. బిలాము ప్రవక్త ఎక్కిన ఆడగాడిద. దారికి అడ్డంగా కత్తి దూసి నిలబడ్డ దేవదూత దానికి కనిపిస్తాడు, ప్రవక్తగారికి కనిపించడు! తప్పుకున్న ప్రతిసారీ దాన్ని కొడతాడు, మూడుసార్లు. చివరికి అది నోరు తెరిచి, ఇన్నాళ్ళూ నిన్ను మోసినదాన్ని, ఏనాడైనా ఇలా చేశానా అని అడుగుతుంది. ఆ ప్రశ్న మన వంటిళ్ళల్లో ఎంతమంది మింగేసుకున్నారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

నాకు మరీ ఇష్టమైన గాడిద అబీగయీలుది. భర్త నాబాలు మోటుమనిషి. ఇంకా రాజు కాని దావీదు అడవుల్లో తిరుగుతూ, తన మనుషులు అతని మందలకి కాపలా కాశారు కనుక కాస్త తిండి పెట్టమని కబురు పంపితే, అవమానించి తిప్పి పంపుతాడు. దావీదు 400 మందితో కత్తులు కట్టుకుని బయల్దేరతాడు. ఆ సంగతి పనివాడొకడు చెవిని వేశాడు అబీగయీలుకి. ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. 200 రొట్టెలు, రెండు తిత్తుల ద్రాక్షారసం, వండిన అయిదు గొర్రెలు, వేయించిన ధాన్యం, 100 ఎండుద్రాక్ష గెలలు, 200 అంజూరపు అడలు గాడిదలకెత్తించి, తానూ ఒక గాడిదనెక్కి కొండచాటుగా వెళ్ళి ఆ కత్తులకి ఎదురైంది. ఇంత వంట అంతలో ఎలా సమకూర్చిందా అని మీరూ అనుకుంటున్నారు కదూ? మొగుడికి చెప్పకుండానే! ఆ రోజు ఒక్క ప్రాణం పోలేదు.

గాడిదకున్న అర్థం ఇక్కడే తేటపడుతుంది. కత్తి వచ్చేది గుర్రంమీద, కత్తిని ఆపేది గాడిదమీద. జెకర్యా ప్రవక్త చెప్పిన రాజు గాడిదనెక్కి వస్తాడు, ఆ వెంటనే వచ్చే మాట యుద్ధరథాలూ గుర్రాలూ విల్లులూ లేకుండా పోతాయని. ఆ రాజుకి తెలుగులో వాడిన మాట దీనుడు. ఏసు యెరూషలేములోకి వచ్చేనాటికి ఆ దేశం రోము చేతుల్లో ఉంది. గుర్రమంటే రోము సైన్యం. ఆయన తెచ్చుకున్నది అరువు గాడిద, ఎవరూ ఎక్కని పిల్ల. జనం బట్టలు పరిచారు, కొమ్మలు పట్టారు. తిరుగుబాటుకి వచ్చినవాడు ఎక్కే వాహనం కాదది. అయినా వారం తిరక్కుండా సిలువ వేశారు.

నవ్వినవాళ్ళు దుమ్ముగూడెంలోనే ఉన్నారనుకోకండి. రోములో పాలటైన్ కొండమీద ఒక గోడకి, క్రీ.శ. 200 ప్రాంతంలో గీసిందంటారు, ఒక బొమ్మ 1857లో బయటపడింది. సిలువమీద గాడిద తల ఉన్న మనిషి, కింద చెయ్యెత్తి మొక్కుతున్న ఒకడు. అలెక్సమెనోస్ తన దేవుణ్ణి కొలుస్తున్నాడని పక్కన వెక్కిరింపు రాత.

క్రిస్మస్ బొమ్మల కొలువులో పశువుల తొట్టి పక్కన గాడిద ఉంటుంది చూడండి, అది సువార్తల్లో ఎక్కడా లేదు. ఎద్దుకి తన యజమాని తెలుసు, గాడిదకి తన మేతతొట్టి తెలుసు, నా జనానికే తెలియదని యెషయా వాపోయిన మాటలోంచి నడిచొచ్చి నిలబడింది. జ్ఞానుల ఒంటెలూ అంతే, మత్తయి వాటి ఊసెత్తలేదు.

ఆ జ్ఞానుల పండుగనాడే, 1939 జనవరి 6న, డోర్నకల్‌లో పెద్ద చర్చిని ప్రతిష్ఠించారు. భద్రాచలం రోడ్డుకి వెళ్ళే రైలుమార్గం చీలేది ఆ జంక్షన్‌లోనే కనుక రామభక్తులకి తెలిసిన ఊరే. గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసిన ఆ కట్టడం బిషప్ అజరయ్యగారి తపన. 1912లో ఆంగ్లికన్ శాఖలో బిషప్పయిన తొలి భారతీయుడాయన. ఆయన ఎద్దుబండిమీద తిరిగిన పల్లెల్లో చర్చిలో చేరినవాళ్ళు ఎక్కువగా మాలమాదిగలు. చాలా ఊళ్ళల్లో వాళ్ళ పెళ్ళికొడుకు వాహనమెక్కి పెద్దవీధిలో ఊరేగడానికి వీల్లేని రోజులవి. చెప్పులు చేతపట్టుకుని నడవాల్సిన వీధి. వాళ్ళకి ఈ కథ నవ్వు తెప్పించి ఉండదని నా నమ్మకం. గాడిద ఊరేగింపు ఎవరికి రాసిపెట్టిన శిక్షో వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ శిక్షనే ఊరేగింపు చేసుకున్న రాజుని వాళ్ళు మనకన్నా ముందే గుర్తుపట్టి ఉంటారు.

ఈస్టరుకి ముందు ఆదివారం వాళ్ళకి మట్టల ఆదివారం. అటూఇటూగా మన శ్రీరామనవమి రోజులే. భద్రాచలంలో పందిళ్ళకి కొబ్బరాకులు కొట్టే వేళకి, అడవి అంచు పల్లెల్లో పిల్లలు ఈత మట్టలు నరికి తెచ్చుకుంటారు. పాటలు పాడుకుంటూ వీధివెంట చర్చిదాకా నడుస్తారు. నేను చూసిన ఊరేగింపుల్లో మట్టలున్నాయి, పాటలున్నాయి, డప్పులున్నాయి. గాడిద మాత్రం ఒక్కసారీ కనపడలేదు. చాకిరేవుకి వెళ్ళి ఉంటుంది.