రేఫ లోపించిన నగరం: జనప్రియ సంస్కృతిలో ఆల్బుకర్కీ

ఒక రచనలోనో చలనచిత్రంలోనో ఒక ఊరి ప్రస్తావన వచ్చినంత మాత్రాన ఆ ఊరు అందులో ఉన్నట్లు కాదు. పేరు ఉండి నేల లేకపోవచ్చు. నేల కనిపించి పేరు వినిపించకపోవచ్చు. పేరూ నేలా రెండూ ఉండి, అక్కడ తరతరాలుగా నివసిస్తున్నవారి దృష్టి లేకపోవచ్చు. స్థల చిత్రణను పరిశీలించేటప్పుడు పేరు, నేల, నివాసం అనే ఈ మూడింటినీ వేరుచేసి చూడటం అవసరం. అమెరికా సంయుక్త రాష్ట్రాల నైరుతి భాగంలో, న్యూమెక్సికో రాష్ట్రంలోని ఆల్బుకర్కీ నగరం ఈ విభజనకు చక్కని నిదర్శనం. 2020 జనగణన ప్రకారం ఈ నగర జనాభా 5,64,559. మహానగరం కాకపోయినా దీని పేరు ఎనిమిది దశాబ్దాలుగా పాటల్లో, హాస్యచిత్రాల్లో, టెలివిజన్ ధారావాహికల్లో వినిపిస్తూనే ఉంది. ఆ ప్రస్తావనల స్వభావం కాలక్రమంలో ఎలా మారిందో ఈ వ్యాసంలో పరిశీలించడమైంది.

పేరు పుట్టుక

రియో గ్రాండే నదీతీరం ప్యూబ్లో ఆదివాసుల నివాసభూమి. నగరానికి ఉత్తరాన సాండియా, దక్షిణాన ఇస్లెటా ప్యూబ్లోలు నేటికీ ఉన్నాయి. 1706లో స్పెయిన్ వలస గవర్నరు ఫ్రాన్సిస్కో క్వెర్వో ఇ వాల్దెస్ ఇక్కడ కొత్త పట్టణాన్ని స్థాపించి, నాటి న్యూ స్పెయిన్ రాజప్రతినిధి అయిన ఆల్బుర్కెర్కె డ్యూకు పేరు పెట్టాడు. 1510లో గోవాను ఆక్రమించిన పోర్చుగీసు సేనాని అల్బుకర్క్ పేరు భారతీయ పాఠకులకు పరిచితమే. నగరానికి పెట్టింది ఆయన పేరు కాదు. అయితే రెండు పేర్లకూ మూలం స్పెయిన్‌లోని ఒకే ఊరు. డ్యూకు పేరులోని మొదటి రేఫ కాలక్రమంలో లోపించి నగరం పేరు నేటి రూపానికి వచ్చింది. 1880లో రైలుమార్గం రావడంతో ఇంగ్లీషు మాట్లాడే వర్తకుల రాక పెరిగింది. పాత పట్టణానికి కొంత దూరంలో, స్టేషను చుట్టూ కొత్త పట్టణం ఏర్పడింది. రేఫ లోపానికీ ఈ చరిత్రకూ జనం కల్పించిన ముడి ఈ పరిశీలనలో కీలకమైనది. దాని ప్రస్తావన ముందు వస్తుంది.

నేల లేని పేరు

ఇరవయ్యో శతాబ్దపు జనప్రియ సంస్కృతిలో ఆల్బుకర్కీ ఎక్కువగా ఒక శబ్దం మాత్రమే. 1945 నాటి కార్టూన్ చిత్రం 'హెర్ మీట్స్ హేర్'లో బగ్స్ బన్నీ అనే కుందేలు దారి తప్పి జర్మనీ అడవిలో తేలుతుంది. ఆల్బుకర్కీ దగ్గర ఎడమకు తిరగకపోవడమే పొరపాటని అనుకుంటుంది. తర్వాతి చిత్రాల్లో ఇదే మాట ఊతపదంగా స్థిరపడింది. ఇందులో ఊరితో ప్రయోజనం లేదు. నాలుగు అక్షరాల విచిత్రమైన ఉచ్చారణలోనూ ఎక్కడో దూరాన ఉన్న ఊరన్న భావనలోనూ హాస్యం ఉంది. జిమ్మీ వెబ్ రాయగా 1967లో గ్లెన్ క్యాంబెల్ పాడి ప్రసిద్ధం చేసిన 'బై ది టైమ్ ఐ గెట్ టు ఫీనిక్స్' పాటలో ఈ నగరం ప్రియురాలిని విడిచి పోతున్నవాడి దారిలో ఒక మైలురాయి. బిల్లీ వైల్డర్ 1951లో తీసిన 'ఏస్ ఇన్ ది హోల్' చిత్రంలో పెద్ద నగరాల పత్రికల్లో ఉద్యోగాలు పోగొట్టుకున్న విలేఖరి చివరికి ఆల్బుకర్కీ పత్రికలో చేరుతాడు. అక్కడ నగరం అతని పతనానికి కొలమానం.

ఇందుకు విపర్యయంగా, 1937 నుంచి నగరపు ప్రధాన వీధి సెంట్రల్ అవెన్యూ మీదుగా సాగిన రహదారిని గురించి బాబీ ట్రూప్ 1946లో రాసిన 'రూట్ 66' పాటలో ఊళ్ల పేర్లు వరుసగా వచ్చినా, న్యూమెక్సికో నుంచి చోటు దక్కింది గాలప్ అనే చిన్న పట్టణానికే. అంటే పాటల్లో ఊరి పేరు నిలవడానికి భూగోళం కన్నా లయ ముఖ్యమైందని చెప్పవచ్చు. 2006లో డిస్నీ ఛానల్ ప్రసారం చేసిన 'హై స్కూల్ మ్యూజికల్' ఈ ధోరణికి పరాకాష్ఠ. కథ జరిగేది ఆల్బుకర్కీలో; చిత్రీకరణ జరిగింది యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీలో.

పేరు లేని నేల

దీనికి సమాంతరంగా మరో ధోరణి కనిపిస్తుంది. ఎడ్వర్డ్ ఆబీ 1956 నాటి నవల 'ది బ్రేవ్ కౌబాయ్'లో నగరాన్ని అసలు పేరుతో కాక 'డ్యూక్ సిటీ' అనే మారుపేరుతో చిత్రించాడు. దాని ఆధారంగా 1962లో వచ్చిన 'లోన్లీ ఆర్ ది బ్రేవ్' చిత్రంలో సాండియా పర్వతాలు కథకు ప్రాణం. 2002లో న్యూమెక్సికో ప్రభుత్వం చిత్రనిర్మాణానికి పన్ను రాయితీలు ప్రవేశపెట్టిన తర్వాత ఈ ధోరణి పరిశ్రమగా మారింది. 2007లో ఆల్బుకర్కీ స్టూడియోస్ ప్రారంభమైంది. 2012లో విడుదలైన 'ది అవెంజర్స్' చిత్రీకరణలో పెద్ద భాగం ఇక్కడే సాగినా, కథలో యుద్ధం జరిగేది న్యూయార్క్‌లో. ఇక్కడ నగరం తన నేలను అద్దెకిచ్చి పేరును దాచుకున్నది.

పేరూ నేలా కలిసినప్పుడు

విన్స్ గిల్లిగన్ సృష్టించిన 'బ్రేకింగ్ బ్యాడ్' (2008–2013) ఈ రెండింటినీ ఒకచోట చేర్చింది. ఆ కలయిక మొదట ఉద్దేశించింది కాదు. కథాస్థలంగా ముందు అనుకున్నది కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్. పన్ను రాయితీల కోసం చిత్రీకరణ ఆల్బుకర్కీకి మారగా, కథ కూడా దాని వెంట నడిచింది. ఖర్చుల లెక్కల్లో పుట్టిన ఈ నిర్ణయం ఫలితంగా విశాలమైన ఆకాశం, ఎడారి, సెంట్రల్ అవెన్యూ మోటళ్లు 62 భాగాల కథలో విడదీయరాని అంగాలయ్యాయి. దాని పూర్వకథగా వచ్చిన 'బెటర్ కాల్ సాల్' (2015–2022) ఈ పరిచయాన్ని మరింత విస్తృతం చేసింది.

అయితే ఈ చిత్రణ కేంద్రంలో ఉన్నది మత్తుపదార్థాల తయారీకి దిగిన ఒక శ్వేతజాతి రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు. ఆ నగరంలో శతాబ్దాలుగా ఉన్న స్పానిష్ మూలాల కుటుంబాల జీవనం, ప్యూబ్లో ప్రజల ఉనికి కథకు నేపథ్యంగానే మిగిలాయి. పేరూ నేలా లభించినా నివాసం పూర్తిగా లభించలేదని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

రేఫను తిరిగి రాసిన నవల

ఈ లోటును అంతకు 16 సంవత్సరాల ముందే ఒక నవల గుర్తించింది. నగరంలోని బరేలాస్ పేటలో పెరిగి, న్యూమెక్సికో విశ్వవిద్యాలయంలో బోధించిన రుడోల్ఫో అనయా (1937–2020) 1992లో తన నవలకు 'ఆల్బుర్కెర్కె' అని, లోపించిన రేఫను చేర్చి పేరు పెట్టాడు. 1880లో వచ్చిన రైల్వే స్టేషను మాస్టరుకు ఆ రేఫ పలకలేక బోర్డు మీద దాన్ని వదిలేశాడన్న జనశ్రుతిని ఆయన నవలకు ముందుమాటగా నిలిపాడు. చారిత్రక నిర్ధారణగా కాక ఒక సముదాయపు స్మృతిగా చూసినప్పుడే ఈ కథ విలువ బోధపడుతుంది. పేరును పలకలేనివారి చేతికి పేరు రాసే అధికారం వెళ్లిందన్నది అందులోని ఆరోపణ. కథానాయకుడు ఆబ్రాన్ తన తండ్రి ఎవరో వెతుకుతుంటాడు. మరోవైపు ఒక రాజకీయ నాయకుడు నదీజలాలను మళ్లించి నగరాన్ని కాలువలతో, జూదశాలలతో నింపాలని యోచిస్తుంటాడు. వ్యక్తి మూలాన్వేషణ, నగర మూలాన్వేషణ ఇందులో ఒకే ప్రశ్నకు రెండు రూపాలు.

కల్పన నుంచి వాస్తవానికి

జనప్రియ సంస్కృతి నగరాన్ని చిత్రించడంతో ఆగదు, మారుస్తుంది కూడా. ఆల్బుకర్కీ బేస్‌బాల్ జట్టు 2000 వరకు 'డ్యూక్స్' అనే పేరుతో ఆడింది. ఆ పేరు 1706 నాటి నామకరణానికి స్మారకం. ఆ జట్టు వేరే నగరానికి తరలిపోయింది. 2001లో 'ది సింప్సన్స్' కార్టూన్ ధారావాహికలో ఐసోటోప్స్ అనే కల్పిత జట్టును ఆల్బుకర్కీకి తరలించే కుట్ర కథగా వచ్చింది. 2003లో నగరానికి కొత్త జట్టు వచ్చినప్పుడు స్థానికుల ఓటింగులో గెలిచిన పేరు ఐసోటోప్స్. ఒక పరిహాసం చారిత్రక స్మృతి స్థానాన్ని ఆక్రమించింది. అయితే దాన్ని ఎంచుకున్నది స్థానికులే కావడం గమనార్హం. 2022లో 'బ్రేకింగ్ బ్యాడ్' ప్రధాన పాత్రల కంచు విగ్రహాలు నగర కన్వెన్షన్ సెంటర్‌లో వెలిశాయి. మత్తుపదార్థాల వ్యాపారుల పాత్రలను గౌరవించడంపై విమర్శలూ వచ్చాయి. ధారావాహికలో కనిపించిన ఇంటి కప్పు మీద అభిమానులు పిజ్జాలు విసరడం మానాలని గిల్లిగనే బహిరంగంగా కోరవలసి వచ్చింది. కథ చూసినవారికి అది పాత్ర నివసించిన ఇల్లు. అందులో ఉంటున్న కుటుంబానికి అది సొంత గూడు.

ముగింపు

ఆల్బుకర్కీ ఉదాహరణ నుంచి ఒక సూత్రాన్ని గ్రహించవచ్చు. ఒక స్థలం ఎన్నిసార్లు ప్రస్తావనకు వచ్చిందన్నది దాని సాంస్కృతిక ఉనికికి కొలత కాదు. కార్టూన్లు, పాటలు పేరును నిలిపాయి. స్టూడియోలు నేలను వాడుకున్నాయి. ధారావాహికలు రెండింటినీ కలిపి నగరాన్ని ప్రపంచానికి చూపాయి. కాని అక్కడి నివాసాన్ని, అంటే పేరు ఎలా పలకాలో తెలిసినవారి జీవితాన్ని, నిలిపినది అంతకన్నా చాలా తక్కువమంది చదివిన నవల. ప్రచారంలో ఉన్న నగరానికీ అనుభవంలో ఉన్న నగరానికీ మధ్య గల దూరం ఒక్క అక్షరమే. సాహిత్య పరిశోధకుడు చదవవలసింది ఆ అక్షరాన్నే.