డేటోనా 500: తీరం ఇసుకలో మొదలైన పందెం

అమెరికా స్టాక్ కార్ పందేల్లో అన్నిటికన్నా పేరున్న డేటోనా 500 ఏటా ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో జరుగుతుంది. నాలుగు కిలోమీటర్ల ట్రాక్ చుట్టూ 200 చుట్లు తిరగాలి. మొత్తం 500 మైళ్లు, అంటే 800 కిలోమీటర్ల పైమాటే.

ఈ పందెం ఆ ఊరికి దక్కడానికి మూలం అక్కడి ఇసుక. అలలు వెనక్కి తగ్గగానే తీరం రోడ్డులా గట్టిపడుతుంది. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ల నుంచీ వేగం రికార్డుల కోసం కార్లు అక్కడికి వచ్చేవి. 1935లో మాల్కమ్ క్యాంప్‌బెల్ గంటకు 445 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. అదే ఏడాది అతను యూటాలోని బోనవిల్ ఉప్పు మైదానానికి మారడంతో డేటోనా వెలవెలబోయింది. ఆ లోటు తీర్చుకోవడానికి 1936లో ఊరి పాలకులు మామూలు కార్లతో, అంటే స్టాక్ కార్లతో పందెం పెట్టారు. ఒక వైపు ఇసుక తీరం, మరో వైపు తారురోడ్డు, రెండు చివర్లా ఇసుక మలుపులు. మలుపులు గుంతలు పడి కార్లు కూరుకుపోవడంతో పందెం మధ్యలోనే ఆగింది, ఊరికి నష్టం మిగిలింది. అందులో ఐదో స్థానంలో వచ్చిన మెకానిక్ బిల్ ఫ్రాన్స్ తర్వాత ఆ పందేల నిర్వహణను తన చేతుల్లోకి తీసుకున్నాడు.

స్టాక్ కార్ పందేలకు మరో మూలం దక్షిణాది కొండల్లో ఉంది. అక్కడ రాత్రిపూట నాటుసారా చేరవేసే కుర్రాళ్లు పోలీసులకు చిక్కకుండా ఇంజన్లకు, స్ప్రింగులకు పదును పెట్టేవారు. పైకి మాత్రం కారు మామూలు ఫోర్డులాగే కనిపించాలి. అవే కార్లు మట్టి ట్రాకుల మీద పోటీపడేవి. ఊరికో నియమంగా సాగుతున్న ఈ పందేలను ఒక గొడుగు కిందికి తేవడానికి ఫ్రాన్స్ 1947 డిసెంబరులో డేటోనాలోని స్ట్రీమ్‌లైన్ హోటల్లో సమావేశం జరిపాడు. 1948 ఫిబ్రవరిలో ఈ పందేల సంస్థ నాస్కార్ ఏర్పడింది. మరుసటి ఏడాది షార్లెట్‌లో కొత్త కార్ల తొలి పందెంలో ముందుగా గీత దాటిన గ్లెన్ డునవే కారుకు వెనక స్ప్రింగులు మార్చి ఉన్నాయని తేలి, గెలుపు జిమ్ రోపర్‌కు దక్కింది. నాస్కార్ నిలదొక్కుకోవడానికి ఈ కఠిన నిర్ణయమే ఆసరా అయిందనడం సబబు.

తారు ఓవల్ మీద 500 మైళ్ల స్టాక్ కార్ పందేన్ని మొదట చేసి చూపింది దక్షిణ కరోలినాలోని డార్లింగ్టన్. స్థలం అమ్మిన ఆసామి తన చేపల చెరువు జోలికి రావద్దన్నాడు. దాంతో ట్రాక్ కట్టించిన హెరాల్డ్ బ్రాసింగ్టన్ దాని ఒక కొసను ఇరుకుచేయగా మొత్తం గుడ్డు ఆకారానికి వచ్చింది. 1950లో 75 కార్లు బరిలో దిగాయి. అర్హత పరుగుల్లో అందరికన్నా నెమ్మదైన జానీ మాంట్జ్ గట్టి టైర్లు వేసుకుని, మిగతావాళ్లు టైర్లు పగిలి ఆగుతుంటే తాను సాగిపోయి గెలిచాడు.

తీరం వెంట ఇళ్లు పెరిగి, జనాన్ని అదుపుచేయడం కష్టమయ్యాక ఫ్రాన్స్ ఊరి లోపలి వైపున ట్రాక్ కట్టించాడు. మలుపులకు 31 డిగ్రీల వాలు పెట్టారు. కారును బయటికి నెట్టే బలంలో కొంత ఆ వాలు వల్ల కారును నేలకే అదుముతుంది, బ్రేకు తొక్కే పని తగ్గుతుంది. కట్టకు కావలసిన మట్టిని ట్రాక్ మధ్యలోనే తవ్వారు. ఆ గొయ్యే నేటి లాయిడ్ సరస్సు. 1959 ఫిబ్రవరి 22న జరిగిన తొలి పందెంలో జానీ బోషాంప్ గెలిచాడని ప్రకటించారు. ఫొటోలు, సినిమా రీళ్లు పరిశీలించాక, మూడు రోజులకు విజేత లీ పెటీ అని తేల్చారు.

మరుసటి ఏడాది విజేత జూనియర్ జాన్సన్ నాటుసారా కేసులో జైలుకు వెళ్లొచ్చినవాడు. తన షెవర్లే కన్నా వేగమైన పాంటియాక్‌ల వెనక అతుక్కుని నడిపితే గాలి అడ్డు తగ్గుతుందని సాధనలోనే పసిగట్టాడు. డేటోనాలో కార్లు నేటికీ బారులు తీరి పరుగెత్తడానికి కారణం ఇదే.

వేగానికి మూల్యమూ పెరిగింది. 1987లో టల్లడేగా అనే మరో ట్రాక్‌లో బాబీ ఆలిసన్ కారు ప్రేక్షకుల ముందున్న కంచెను చీల్చింది. 1988 నుంచి 2019 వరకు డేటోనా, టల్లడేగా రెండింట్లోనూ ఇంజన్‌కు గాలి తగ్గించే పలక తప్పనిసరిగా ఉండేది. దాంతో కార్ల వేగాలు దాదాపు సమానమై గుంపులు దగ్గరయ్యాయి. ఒకరు తప్పితే పదిమంది గుద్దుకునే ప్రమాదం వచ్చింది. 2001 డేటోనా 500 చివరి చుట్టులో గోడను ఢీకొని డ్రైవర్ డేల్ అర్న్‌హార్ట్ మరణించాడు. ఆ ఏడాదే తల, మెడలను పట్టి ఉంచే సాధనాన్ని నాస్కార్ తప్పనిసరి చేసింది. తర్వాతి ఏళ్లలో కాంక్రీటు గోడల ముందు ఉక్కు, నురగలతో చేసిన మెత్తని అడ్డుగోడలు వచ్చాయి.