బేగంపేట విమానాశ్రయం: ప్రమాదాలు, భద్రతా ఏర్పాట్ల చరిత్ర

సికింద్రాబాద్‌ను ఆనుకుని ఉన్న బేగంపేట విమానాశ్రయం 2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యేవరకు జంటనగరాల ప్రయాణికులకు ఆధారం. నిజాం పాలనలో 1930లలో రూపుదిద్దుకుంది. 1945లో ఏర్పడిన దక్కన్ ఎయిర్‌వేస్‌కు ఇదే స్థావరం. 1953 జాతీయీకరణలో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. కాలక్రమంలో రసూల్‌పురా, బోయినపల్లి, బాలానగర్‌ల ఇళ్లూ కార్ఖానాలూ చుట్టూ కమ్ముకొచ్చాయి. అందుకే ఇక్కడి ప్రమాదాల్లో నష్టపోయినవారిలో విమానం ఎక్కనివాళ్లూ ఉన్నారు.

1978 డిసెంబరు 17న ఇండియన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 ఇక్కడి నుంచి పైకి లేస్తుండగా రెక్కల ముందంచున ఉండే పలకలు తెరుచుకోలేదు. తక్కువ వేగంలో విమానం గాలిలో నిలవడానికి అవి చాలా అవసరం. విమానం అదుపు తప్పి నేలను ఢీకొని అంటుకుంది. అందులో 130 మందికి పైగా ఉన్నా చనిపోయింది ఒక్కరే. నేల మీద ఉన్న ముగ్గురు మాత్రం ప్రాణాలు కోల్పోయారు. ఎవరి లెక్కలోనూ లేని ఆ ముగ్గురే ఈ చరిత్రలో మొదట గుర్తుంచుకోవలసినవాళ్లు.

విమానాశ్రయాల్లో ఆపదను స్థాయిలుగా చూస్తారు. వస్తున్న విమానంలో చిన్న లోపం ఉందని అనుమానం వస్తే ‘లోకల్ స్టాండ్‌బై’, దిగడమే కష్టమనిపిస్తే ‘ఫుల్ ఎమర్జెన్సీ’. కంట్రోల్ టవర్ నుంచి గంట మోగగానే ఫైరింజన్లు రన్‌వే పక్కన తమకు కేటాయించిన చోట్లకు చేరతాయి. ఊళ్లోని ఆసుపత్రులకు, పోలీసులకు, అగ్నిమాపక శాఖకు కబురు వెళ్తుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం రన్‌వేపై ఏ మూలకైనా 3 నిమిషాల్లోపు నురుగు చల్లడం మొదలుకావాలి. రెండేళ్లకోసారైనా పూర్తిస్థాయి విన్యాసం జరపాలి. ఈ నిబంధనల పట్టు ప్రహరీ లోపలే గట్టిగా ఉంటుంది.

1993 నవంబరు 15న మద్రాసు నుంచి వచ్చిన ఎయిర్‌బస్ ఎ300 సరిగా కనిపించక బేగంపేటలో దిగలేకపోయింది. తిరిగి పైకి లేచాక రెక్కల వెనుక అంచున ఉండే ఫ్లాప్‌లు మూసుకోలేదు. అవి తెరుచుకుని ఉంటే గాలి నిరోధం పెరిగి ఇంధనం విపరీతంగా ఖర్చవుతుంది. మద్రాసుకు మళ్లిన విమానం అక్కడికి చేరకముందే ఇంధనం అడుగంటడంతో తిరుపతి దగ్గర పొలాల్లో దిగింది. చిరంజీవి, బాలకృష్ణ, విజయశాంతి వంటి తారలు అందులో ఉండటంతో తెలుగునాట అది సినిమా వార్తగా మిగిలింది. నిజానికి 262 మందీ ప్రాణాలతో బయటపడటమే అందులోని అసలు విశేషం.

దేశంలో హైజాకింగ్‌లకు, విద్రోహానికి అడ్డుకట్ట వేసే వ్యవస్థ మాత్రం దెబ్బ తగిలినప్పుడల్లా ఒక్కో మెట్టు పెరిగింది. 1976 సెప్టెంబరులో ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని లాహోర్‌కు మళ్లించాక, 1978లో పౌర విమానయాన భద్రతా విభాగం ఒక చిన్న శాఖగా పుట్టింది. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా విమానం ‘కనిష్క’లో బాంబు పేలి 329 మంది మరణించారు. బాంబున్న పెట్టె విమానంలోకి చేరింది, దాని యజమాని ఎక్కలేదు. ఆ తర్వాత 1987లో భద్రతా విభాగానికి స్వతంత్ర ప్రతిపత్తి దక్కింది. 1999 డిసెంబరులో ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఐసీ 814 విమానాన్ని హైజాకర్లు కాందహార్‌కు తరలించాక, 2000లో జైపూర్‌తో మొదలుపెట్టి విమానాశ్రయాల కాపలాను రాష్ట్ర పోలీసుల నుంచి కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి (సీఐఎస్‌ఎఫ్) అప్పగిస్తూ వచ్చారు. ఆ దళం అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ పారిశ్రామిక భద్రతా అకాడమీ సికింద్రాబాద్‌కు ఉత్తరాన హకీంపేటలోనే ఉంది.

ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలినా బేగంపేటకు ఆపదలు తప్పలేదు. 2009 సెప్టెంబరు 2 ఉదయం ఇక్కడి నుంచే బయలుదేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో కూలింది. వైమానిక దళం, ఇస్రో, కేంద్ర బలగాలు గాలించినా ఆచూకీ దొరికింది మర్నాడే. అందులోని ఐదుగురూ మరణించారు. 2010 మార్చి 3న వైమానిక ప్రదర్శనలో నౌకాదళ ‘సాగర్ పవన్’ బృందానికి చెందిన కిరణ్ విమానం న్యూ బోయినపల్లిలో ఒక భవనంపై కూలింది. కమాండర్ ఎస్.కె. మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ మరణించారు. కింద ఉన్నవారిలో కొందరు గాయపడ్డారు. 1978లో కనిపించిన ముప్పే మళ్లీ ఎదురైంది, ఈసారి జనం కాపురముండే వీధిలో.

ఇప్పుడు బేగంపేటను ప్రముఖుల విమానాలు, వైమానిక దళం, శిక్షణ విమానాలు వాడుకుంటున్నాయి. వైమానిక ప్రదర్శనలూ ఇక్కడే జరుగుతున్నాయి. కాబట్టి సన్నద్ధత విన్యాసాలు రన్‌వేతో ఆగకుండా బోయినపల్లి, రసూల్‌పురా గల్లీల్లోకీ రావాలి. ఆ వీధుల్లోకి ఫైరింజన్ ఏ దారిన చేరుతుందో అధికారులు ముందే తేల్చుకోవాలి. విమానం కూలితే చూడటానికి పరుగెత్తకండి, శకలాలు ముట్టుకోకండి. 112కు ఫోన్ చేసి, ఫైరింజన్‌కు దారి వదలండి.