సిక్కా ఖోల్

శ్రీకాకుళానికి పాతరోజుల్లో సిక్కాకోలని పేరు. ఇంగ్లీషువాళ్ల నోట్లో పడి చికాకోల్ అయింది. వసూలైన శిస్తు మూటల్ని ముద్రలు వేసి ఇక్కడికి తెచ్చి విప్పేవారనీ, 'సిక్కా ఖోల్' అంటే ముద్ర విప్పు అనీ, అదే ఊరిపేరైందనీ పెద్దవాళ్లు చెబుతారు. భాషా పండితులు ఒప్పుకుంటారో లేదో గాని, విప్పడాన్నే పేరుగా పెట్టుకున్న సర్కారు చరిత్ర మాత్రం తాళం కిందే ఉండిపోయింది.

మాది కోటబొమ్మాళి. ముస్లిం అనగానే అవతలివాడి కళ్లముందు చార్మినారు, బిర్యానీ, నవాబు వరసగా నిలబడతాయి. 'మీరు హైదరాబాదు నించి వచ్చారా?' అని టెక్కలివాడే నన్నడుగుతాడు. చిన్నప్పుడు కొత్తమ్మతల్లి జాతరలో తప్పిపోయి ఏడ్చినవాణ్ణి, నేనెక్కణ్ణించి వస్తాను? కాగితం చూపించమంటారు. కాగితం లేక కాదు. అది గదిలో ఉంది, గదికి తాళముంది.

గోల్కొండ కుతుబ్ షాహీలు, తర్వాత మొగలులు, ఆ తర్వాత అసఫ్ జాహీలు చికాకోల్లో ఫౌజుదార్లని పెట్టారు. కుతుబ్ షాహీల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు శ్రీకాకుళంలో ఇప్పటికీ ఉంది. సర్కారు లెక్కలు పారసీలో రాసేవారు. 1753లో ఈ సర్కార్లు ఫ్రెంచి బుస్సీ చేతికెళ్లాయి. 1765లో షా ఆలం ఫర్మానాతో, 1766లో నిజాం ఒప్పందంతో కుంపిణీ చేతికొచ్చాయి. తర్వాత మేం గంజాం జిల్లా అయ్యాం. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లా, 1950లో శ్రీకాకుళం జిల్లా. జిల్లా మారినప్పుడల్లా మా కాగితాలు ఇంకో బీరువాలో చేరాయి. మొగలాయీల, నిజాముల దస్తావేజులు హైదరాబాదులో, కుంపిణీ ఉత్తరాలు మద్రాసులో. 2014లో రాష్ట్రం విడిపోయాక హైదరాబాదు కూడా పొరుగు రాష్ట్రమే అయింది. మనిషి కదలకుండా ఉన్న ఊళ్లోనే ఉన్నాడు, వాడి చరిత్ర మాత్రం వలస పోయింది.

కొన్నేళ్ల కిందట ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వెళ్లాను. అక్కడ ఒక మూలగదిలో పాత పారసీ, ఉర్దూ ప్రతులున్నాయని విన్నాను. మొదటిరోజు, శాఖాధిపతి ఉత్తరం తెమ్మన్నారు. ఏ శాఖాధిపతి అని అడిగాను. పారసీ శాఖ అన్నారు. ఆ విశ్వవిద్యాలయంలో పారసీ శాఖ లేదు! రెండోరోజు తాళంచెవి ఉన్న అటెండరు సెలవు. మూడోరోజు నా పేరు మళ్లీ అడిగి, 'ఇవన్నీ ఇప్పుడెందుకండీ మీకు?' అన్నాడొక గుమాస్తా. అదే ప్రశ్న తాళపత్రాల గది ముందు నిలబడ్డవాణ్ణి అడుగుతాడా? అడగడని నా అనుమానం.

నాలుగోరోజు అటెండరు వచ్చాడు. పెద్దాయన, రిటైరవడానికి ఏడాది ఉందట. 'బాబూ, ఇది పోతే నా పెన్షను పోతాది. నానేటి సేస్తాను?' అన్నాడు. అప్పటిదాకా ఆయనమీద ఉన్న కోపం అక్కడితో పోయింది.

ఎందుకంటే తాళం వెయ్యడం దుర్మార్గం కాదు. చెదలున్నాయి, చెమ్మ ఉంది, బొమ్మల పేజీలు బ్లేడుతో కోసుకుపోయేవాళ్లున్నారు. ఇంగ్లండులో హెర్‌ఫర్డ్ చర్చిలో పుస్తకాలకి వేసిన గొలుసులు నేటికీ అలాగే ఉంచారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయిన రంగనాథన్, 1931లో అచ్చయిన తన అయిదు సూత్రాల పుస్తకం మొదటి అధ్యాయంలోనే ఆ గొలుసుల కథ చెప్పాడు. పుస్తకం దాచడానికి కాదు, వాడడానికన్నది ఆయన మొదటి సూత్రం. అయితే సూత్రం ఒకటి, ఆడిటు ఒకటి. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమావళి ప్రకారం ఏడాదిలో వాడుకకిచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకీ అయిదు పోయినా సహజమే అనుకోవచ్చు. అరుదైన పుస్తకమైతే మాత్రం ఖరీదుతో నిమిత్తం లేదు, ఒక్కటి పోయినా విచారణే. అంటే పుస్తకం ఎంత అపురూపమైతే అంత మూసిపెట్టడం ఉద్యోగికి క్షేమం. ఎవరూ చదవకపోతే ఏ గుమాస్తా ఉద్యోగమూ పోదు. చదవడానికిచ్చి ఒకటి పోతే పోతుంది.

కాని మా విషయంలో ఇనప తాళం ఒక్కటే కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో పుట్టినప్పుడు బోధన ఉర్దూలో. గణితం, వైద్యం, న్యాయం అన్నీ ఉర్దూలో చెప్పడానికి అంతకుముందే 1917లో అనువాద శాఖ, దారుల్ తర్జుమా పెట్టారు. 1948 పోలీసు చర్య తర్వాత ఇంగ్లీషు వచ్చింది. ఉర్దూ రాజభాషగా ఉన్న రోజుల్లో తెలుగుకి అన్యాయం జరిగిందన్నది నిజం, నేను కాదనను. కాని ఆ మార్పులో ఇంకొకటి జరిగింది. బీరువాలు మిగిలాయి, అవి చదివే తరం పోయింది. ఆ ప్రాంగణంలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో తెలుగు, సంస్కృతం, అరబ్బీ, పారసీ, ఉర్దూ కలిపి ఇరవై వేలకు పైగా రాతప్రతులు చేరాయి. 1891లో మొదలైన అసఫియా గ్రంథాలయం రాతప్రతులూ అక్కడికే వచ్చాయి. తాళంచెవి ఉన్నవాడికి లిపి రాదు, లిపి వచ్చినవాడికి తాళంచెవి అందదు.

లిపి వచ్చిందనుకున్న నాకు కూడా సగమే వచ్చు. ఉర్దూ అచ్చులో చదువుతాను. దస్తావేజులు రాసింది షికస్తాలో. అంటే విరిగిన రాత, చుక్కలు పెట్టరు, అక్షరాలు ఒకదాన్నొకటి ఈడ్చుకుపోతాయి. అంకెలైతే సియాఖ్. అరబ్బీ సంఖ్యల పేర్లనే కుదించి గీసిన గుర్తులవి. శిస్తు ఎంతో, మాన్యం ఎంతో తెలియాలంటే ఆ గుర్తులు రావాలి. ఇప్పుడు ఢిల్లీలోని నూర్ మైక్రోఫిల్మ్ సెంటరు వంటివాళ్లు పాత ప్రతుల్ని శుభ్రం చేసి ఫొటోలు తీస్తున్నారు. మంచిదే. షికస్తా తెరమీద కూడా షికస్తాయే.

మళ్లీ ఆ గదికొస్తాను. లోపలికెలా వెళ్లానంటే, వాళ్లకే అవసరం వచ్చింది. తనిఖీకి జాబితా కావాలి, అట్టలమీద పేర్లు చదివేవాళ్లు లేరు. 'మీకు ఉర్దూ వచ్చుగా, ఈ చీటీలు కాస్త రాసిపెడతారా?' అన్నారు. మూడురోజులు రాశాను. ఉత్తరం అడగలేదు, పేరూ అడగలేదు. పెద్దాయన తాళం తీసి రిజిస్టరులో సంతకం పెట్టమన్నాడు. నాకు పైనున్న సంతకం పదకొండేళ్ల కిందటిది.

మా చికాకోల్ సంగతి ఆ గదిలో ఒక్కటీ దొరకలేదు. ఆ చీటీలు రాసిన అలవాటుతోనే ఇంట్లో అబ్బా రేకుపెట్టె తీశాను. 1956లో ఇనాముల రద్దు చట్టం వచ్చినప్పుడు దాదా ఎవరికి చూపించాలో తెలియక దాచిన పారసీ కాగితమొకటి అందులో ఉంది. 'మనకి నవాబు ఇనాం ఇచ్చాడ్రా' అని అబ్బా బతికున్నన్నాళ్లూ చెప్పేవాడు. దాన్ని హైదరాబాదు తీసుకెళ్లి, షికస్తా తెలిసిన ఒక మౌల్వీ సాబుకి చూపించాను. ఆయన భూతద్దం పెట్టుకుని గంటసేపు చూశాడు. మసీదులో దీపాలకి నూనె పొయ్యడానికి, చాపలు మార్చడానికి ఇచ్చిన చిన్న మాన్యమట. పుచ్చుకున్నవాడి పేరు పక్కనే వృత్తి కూడా రాసి ఉంది, మషాల్చీ. దివిటీ పట్టేవాడు.

ఇంటికొచ్చి అమ్మీకి చెప్పాను. నవాబు సంగతేమైందని ఆమె అడగలేదు. 'ఏ మసీదు?' అనడిగింది. కాగితంలో ఆ మూల చెద తినేసింది.