సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్

నయంకాని జబ్బుతో జీవితపు చివరి దశకు చేరినవారిని చూసుకోవడానికి 1967లో లండన్ ఆగ్నేయ భాగంలోని సిడెన్‌హామ్‌లో మొదలైన ధర్మసంస్థ సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్. మధ్యయుగపు ఐరోపాలో యాత్రికులు బస చేసే సత్రాన్ని హాస్పిస్ అనేవారు. క్రిస్టఫర్ బాటసారులను కాపాడే పునీతుడని క్రైస్తవుల నమ్మకం. స్థాపకురాలిది గాఢమైన క్రైస్తవ విశ్వాసమే అయినా, ఏ మతంవారికైనా, ఏ మతమూ లేనివారికైనా ఇక్కడ చోటుంది.

స్థాపకురాలు సిసిలీ సాండర్స్ (1918–2005) మొదట నర్సు. నడుం నొప్పి వల్ల ఆ పని మానుకుని ఆసుపత్రిలో రోగుల సంక్షేమం చూసే ఉద్యోగంలో చేరారు. అక్కడే పోలండ్ నుంచి వచ్చిన యూదు శరణార్థి డేవిడ్ టాస్మా పరిచయమయ్యాడు. క్యాన్సర్‌తో, నా అన్నవాళ్లు లేక మంచం పట్టిన ఆయనతో మాట్లాడుతున్నప్పుడే ఇలాంటివారికో ఇల్లు కట్టాలన్న ఆలోచన రూపుదిద్దుకుంది. 1948లో కన్నుమూస్తూ ఆయన 500 పౌండ్లు ఆమె పేర రాశాడు, ఆ ఇంట్లో తానొక కిటికీనవుతానంటూ. కిటికీ చుట్టూ ఇల్లు లేవడానికి 19 ఏళ్లు పట్టింది. ఈలోగా ఆమె వైద్యం చదివి 1957లో డాక్టరయ్యారు.

ఆనాటి ఆసుపత్రుల్లో నొప్పి తగ్గించే మార్ఫిన్‌కు రోగి అలవాటుపడిపోతాడని భయపడేవారు. నొప్పి భరించలేక అడిగాక గానీ ఇచ్చేవారు కాదు. దాంతో రోగి మందు ప్రభావం తగ్గిన ప్రతిసారీ విలవిల్లాడేవాడు, మళ్లీ నొప్పి వస్తుందన్న భయంతోనే మిగతా సమయమూ గడిపేవాడు. సాండర్స్ ఈ పద్ధతిని తిరగేశారు. నొప్పి తిరగబెట్టకముందే, దాదాపు నాలుగు గంటలకోసారి, వేళతప్పకుండా నోటిద్వారా మందు ఇప్పించారు. రోగులు మత్తులో జోగకుండా తెలివిగా, తేలికగా ఉండడం కనిపించింది. వైద్యానికి ఆమె చేసిన మేలులో అన్నిటికన్నా పెద్దది ఇదే. ఒంటి నొప్పితో పాటు మనసులోని దిగులు, ఇంటివాళ్ల గురించిన బెంగ, డబ్బు చింత, ఎందుకిలా జరిగిందన్న వేదన అన్నీ కలిసిందే అసలు బాధ అని ఆమె వివరించారు. దీన్నే ‘సంపూర్ణ బాధ’ అంటారు. డాక్టరు, నర్సుతో పాటు సామాజిక కార్యకర్త, మతగురువు, వాలంటీర్లు ఒకే జట్టుగా పనిచేయడం ఈ అవగాహన నుంచే వచ్చింది. రోగి పోయాక కుటుంబానికి ఓదార్పుగా నిలవడం కూడా ఆ జట్టు పనే.

1969 నుంచి నర్సులు ఇళ్లకే వెళ్లడం మొదలుపెట్టారు. ఇప్పుడు సేవల్లో ఎక్కువ భాగం ఇళ్లలోనే జరుగుతుంది. రోగులు ఏమీ చెల్లించనక్కర్లేదు. ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ ఖర్చులో కొంతే భరిస్తుంది. మిగతాది విరాళాలు, వీలునామాల ద్వారా వచ్చే సొమ్ము, వాడిన బట్టలూ వస్తువులూ అమ్మే ధర్మ దుకాణాల నుంచి రావాలి. తమ పేటలోనివారి కోసం ఆ పేటవాళ్లే మోసే బరువిది.

1987లో బ్రిటన్, ఇలా బాధను తగ్గించే ఉపశమన వైద్యాన్ని ప్రత్యేక శాఖగా గుర్తించింది. సాండర్స్ 2005లో తాను కట్టించిన ఈ హాస్పిస్‌లోనే తుదిశ్వాస విడిచారు.

భారతదేశంలో తొలి హాస్పిస్‌గా పేరొందిన శాంతి ఆవేదన సదన్ 1986లో ముంబయిలో వెలిసింది. హైదరాబాద్‌లో బంజారాహిల్స్ రోటరీ క్లబ్ ట్రస్టు 2011లో ప్రారంభించిన స్పర్శ్ హాస్పిస్ కూడా ఉచితంగానే సేవలందిస్తుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల మనదేశంలో రోగులకు మార్ఫిన్ దొరకడం చాలాకాలం గగనమైంది. వైద్య అవసరాలకు దాన్ని అందుబాటులోకి తేవడానికి 2014లో ఆ చట్టాన్ని సవరించారు.