సంఘం మెయిల్ మీ ఫైలును ఎందుకు తిప్పి పంపుతోంది?

"సంఘానికి ఫైలు పంపితే తిరిగొచ్చింది, మమ్మల్నే నమ్మరా?" అని ఇద్దరు ముగ్గురు పెద్దలు అడిగారు. కోపం సహజమే. తనిఖీ అంటే మన కేజీఎఫ్‌లో తాతల కాలం నుంచీ మంట. 1930లో కార్మికులు వేలిముద్రలు వేసి నమోదు చేసుకోవాలంటే గనుల్లో సమ్మే జరిగింది. అందుకే ఈ మెయిల్ తనిఖీ ఎక్కడ పుట్టిందో రాస్తున్నాను.

మొదట్లో మెయిల్ అంటే ఒట్టి అక్షరాలే. బొమ్మలు, పాటలు జతచేసే మైమ్ పద్ధతిని నథానియల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ తయారుచేశారు. 1992 మార్చిలో బోరెన్‌స్టీన్ తన పాటల బృందం ఫోటోనూ, వాళ్లు పాడిన పాటనూ జతచేసి పంపాడు. ముచ్చటైన పనే.

ఎనిమిదేళ్లు తిరిగేసరికి, 2000 మే 4న, మనీలా నుంచి "ఐ లవ్ యూ" అనే మెయిల్ లోకమంతా పాకింది. జతచేసిన ఫైలు చూడ్డానికి మామూలు ఉత్తరంలా ఉంది. చివరనున్న 'డాట్ వీబీఎస్' అనే తోకను విండోస్ దాచేసింది. తెరిచారా, ఫోటోల ఫైళ్లు పోయినట్టే. పైగా అది అవుట్‌లుక్ చిరునామాల పుస్తకంలో ఉన్న అందరికీ తనంతట తానే వెళ్లేది. అంటే వైరస్ వచ్చింది పరాయివాళ్ల దగ్గర నుంచి కాదు, తెలిసినవాళ్ల పేరు మీదే. బ్రిటన్ పార్లమెంటు కూడా మెయిల్ ఆపుకోవాల్సి వచ్చింది. అప్పటికి ఫిలిప్పీన్స్‌లో దానికి తగ్గ చట్టం లేక కేసు నిలవలేదు. మన ఐటీ చట్టం అదే ఏడాది అక్టోబరు 17న అమల్లోకి వచ్చింది.

ఇక కాపలా సర్వర్ దగ్గరే పెట్టడం మామూలైంది. పంపే సర్వర్ ఉత్తరం అందిస్తుంటే, తీసుకునే సర్వర్ "ముట్టింది" అనేలోపే ఫైలు పేరు చూస్తుంది. పోస్ట్‌ఫిక్స్‌లో దీనికి 'మైమ్ హెడర్ చెక్స్' అనే పట్టిక ఉంది. పేరు చివర ఈఎక్స్‌ఈ, వీబీఎస్, ఎస్‌సీఆర్ లాంటివి ఉంటే 'రిజెక్ట్' అని ఒక్క వరుస రాస్తే చాలు. 550 అనే జవాబుతో అది వాకిట్లోనే ఆగుతుంది, పంపినవాళ్లకు కబురు అందుతుంది.

ఆ వరుసలో 'రిజెక్ట్' బదులు 'డిస్కార్డ్' అని కూడా రాయొచ్చు. అప్పుడు ఫైలు చప్పుడు లేకుండా మాయమవుతుంది, పంపినవాళ్లేమో చేరిందనే అనుకుంటారు. నా లెక్కలో అది పాపం. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక బకాయిల కాగితాలు పట్టుకుని ఏళ్లకేళ్లు తిరిగిన ఊరు మనది. అర్జీ చేరిందో లేదో తెలియకపోతే ఎంత నరకమో మనకొకరు చెప్పాలా? ముందు తీసుకుని తర్వాత తిప్పి పంపుదామా అంటే, వైరస్ మెయిళ్లలో పంపినవారి చిరునామా తరచూ దొంగదే. ఆ ఉత్తరం ఏ పాపం తెలియనివాళ్ల నెత్తిన పడుతుంది.

2004లో బేగిల్ అనే వైరస్ జిప్‌కు తాళం వేసుకుని, పాస్‌వర్డ్ కూడా ఆ మెయిల్లోనే రాసుకుని వచ్చింది. జనం ఓపిగ్గా టైప్ చేసి మరీ తెరిచారు! అందుకే తాళం వేసిన జిప్‌లను కూడా ఆపుతున్నాం. ఫోటోలు, పీడీఎఫ్‌లు ఎప్పటిలాగే వస్తాయి. ఏదైనా తిరిగొస్తే అందులో 550 పక్కనున్న వాక్యం చదివి, పీడీఎఫ్ చేసి మళ్లీ పంపండి. అది కుదరనివాళ్లు కాగితమే ఆఫీసుకు తెచ్చివ్వండి, మేమే స్కాన్ చేస్తాం.