తోడు వైద్యం: గుండె చుట్టూ వందేళ్ల ప్రయాణం

1923 జూలైలో విశాఖపట్నంలో కింగ్ జార్జి ఆసుపత్రిని ప్రారంభించినవారు పానగల్ రాజా రామరాయణింగారు. మద్రాసు ప్రెసిడెన్సీకి అప్పుడాయనే ప్రధానమంత్రి (ఫస్ట్ మినిస్టర్). అదే ఏడాది ఇక్కడ వైద్య కళాశాల కూడా మొదలైంది. నేటి ఆంధ్ర వైద్య కళాశాల అదే. ఉత్తరాంధ్రలో ఇంగ్లీషు వైద్యానికి ఇంత పెద్ద గడప కట్టిన ఆ ప్రభుత్వమే, అంతకు రెండేళ్ల ముందు దేశీయ వైద్యాల విలువ తేల్చమని ఉస్మాన్ కమిటీని వేసింది. ఆ కమిటీ నివేదిక చేతికొచ్చిందీ 1923లోనే. కార్యదర్శి కెప్టెన్ జి. శ్రీనివాసమూర్తి స్వయంగా ఇంగ్లీషు వైద్యం చదివినవారు. ఒక చేత్తో స్టెతస్కోపునూ ఇంకో చేత్తో కల్వాన్నీ పట్టుకోవచ్చా అన్న ప్రశ్న ఈ ఊరి పెద్దాసుపత్రితో పాటే పుట్టిందన్నమాట.

వందేళ్లు దాటినా ప్రశ్న అలాగే ఉంది. గుండెకు ఎకో తీసి ‘పంపింగ్ ముప్ఫై శాతమే ఉంది’ అని డాక్టరు చెప్పగానే ఇంటిల్లిపాదీ రెండు వైపులా పరుగెడతారు. ఒకరు మందుల షాపుకు, ఒకరు మూలికల దుకాణానికి. ఈ వందేళ్లలో గుండెకు ఆసరా ఇస్తామంటూ వచ్చినవాటిలో ఏవి నిలిచాయి, ఏవి జారిపోయాయి, ఎందుకు? ఒకసారి వెనక్కి తిరిగి చూడాల్సిన సమయం ఇది.

ఆకు మాత్రగా మారిన కథ

మూలికలకూ గుండె వైద్యానికీ బద్ధవైరం ఎప్పుడూ లేదు. 1785లో విలియం విదరింగ్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఒళ్లు నీరుపట్టిన రోగులకు ఫాక్స్‌గ్లవ్ ఆకు ఇచ్చిన అనుభవాలను పుస్తకంగా వేశాడు. ఎంతిస్తే మేలు చేసిందో, ఎంతిస్తే విషమైందో దాచకుండా రాశాడు. ఆ మొక్కల జాతి నుంచే డిగాక్సిన్ వచ్చింది. నేటికీ కొందరు గుండె రోగుల చీటీలో అది కనిపిస్తుంది.

మన దేశం వంతు సర్పగంధది. 1931లో సలీముజ్జమాన్ సిద్దిఖీ ఆ వేరులోని రసాయనాలను విడదీశారు. 1949లో బొంబాయి గుండె వైద్యుడు రుస్తుం జాల్ వకీల్, రక్తపోటుపై దాని ప్రభావాన్ని బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించి ప్రపంచం కళ్లు తెరిపించారు. 1952లో దాని నుంచి రిసర్పిన్ అనే మందు బయటికొచ్చింది. కొన్నేళ్లు బీపీకి పెద్దదిక్కుగా నిలిచింది. మనసు కుంగదీసే గుణం బయటపడ్డాక, మెరుగైన మందులకు చోటిచ్చి పక్కకు తప్పుకుంది.

ఈ రెండు కథల సారం ఒకటే. పరీక్షకు నిలబడిన మూలిక మూలికగా మిగల్లేదు, మందైపోయింది. మోతాదు తెలిసింది, ప్రమాదం తెలిసింది, ఎప్పుడు మానాలో కూడా తెలిసింది.

భీమవరం నుంచి బోస్టన్ దాకా

గుండె కండరానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు జవాబు వెతికినవాళ్లలో ఒక తెలుగువాడున్నాడు. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం పాఠాలు చెప్పారు. లక్ష్మీపతి గారూ అంతే. ఇంగ్లీషు వైద్యంలో పట్టా పుచ్చుకుని ఆయుర్వేదానికి అంకితమైన మనిషి. సుబ్బారావు ప్రాణాంతకమైన స్ప్రూ జబ్బుతో మంచం పట్టినప్పుడు లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారని ఆయన జీవిత చరిత్రకారులు రాశారు.

1922లో సుబ్బారావు బోస్టన్ చేరారు. 1927లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఒంటి కణాల ఇంధనమైన ఏటీపీని లోకానికి చూపించారు. గుండె రోజుకు సుమారు ఆరు కిలోల ఏటీపీని తయారుచేసుకుంటూ ఖర్చు పెడుతుందని నేటి లెక్క. పంపింగ్ తగ్గిన గుండె అంటే ఒక రకంగా ఈ ఇంధనం చాలని గుండె.

ఆ దారిలోనే 1957లో అమెరికాలో ఫ్రెడరిక్ క్రేన్ ఎద్దు గుండె నుంచి కోఎంజైమ్ క్యూ10ను వేరుచేశాడు. ఏటీపీ తయారీలో దానిది కీలకమైన పని. 2014లో వెలువడిన క్యూ-సింబియో అధ్యయనంలో 420 మంది గుండె వైఫల్య రోగులకు మామూలు మందులతో పాటు రెండేళ్లు దీన్నో, ఉత్తుత్తి మాత్రనో ఇచ్చారు. పెద్ద గుండె ప్రమాదాలు ఉత్తుత్తి మాత్ర జట్టులో 26 శాతం, క్యూ10 జట్టులో 15 శాతం. ఆశ పుట్టించే ఫలితమే. కానీ 420 మంది చాలా చిన్న సంఖ్య. అందుకే ఇది నేటికీ ‘వేసుకుంటే వేసుకోవచ్చు’ వరుసలోనే ఉంది, ‘వేసుకోవాల్సిందే’ వరుసకు ఎక్కలేదు.

సుబ్బారావు బృందమే 1940ల్లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. గుండెజబ్బుతో ముడిపడిందనుకున్న హోమోసిస్టీన్‌ను రక్తంలో అది తగ్గిస్తుంది కాబట్టి గుండెపోటునూ ఆపుతుందని ఎందరో నమ్మారు. 2006లో 5,522 మందిపై చేసిన హోప్-2 అధ్యయనం ఆ నమ్మకాన్ని నిలబెట్టలేదు. హోమోసిస్టీన్ తగ్గింది, గుండెపోట్లు తగ్గలేదు. కాగితం మీద సరిపోయిన తర్కం ఒంట్లో సరిపోవాలని లేదు.

మంచం దిగిన రోగి

గుండెపోటు వస్తే ఆరు వారాలు మంచం దిగకూడదన్నది ఒకప్పటి శాసనం. 1952లో వైద్యులు శామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లౌన్ రోగిని కుర్చీలో కూర్చోబెట్టడమే పెద్ద సంచలనమైంది. మరుసటి ఏడాది పరిశోధకుడు జెర్రీ మోరిస్ లండన్ బస్సులను చూశాడు. రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటే కూర్చుని నడిపే డ్రైవర్లకే గుండెజబ్బులు ఎక్కువ. 1975లో పాఫెన్‌బార్గర్ అనే పరిశోధకుడు, శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో సరుకు మోసే 6,351 మంది కార్మికులను 22 ఏళ్లు వెంటాడిన లెక్కలు బయటపెట్టాడు. బరువు పని చేసేవాళ్లలో గుండెజబ్బు చావులు తక్కువ.

ఈ మాట విశాఖకు సూటిగా తగులుతుంది. 1933 అక్టోబరులో సింధియా కంపెనీ ఓడ జలదుర్గ ఇక్కడి రేవులోకి వచ్చిన నాటి నుంచి కళాసీల భుజాల మీదే సరుకు దిగింది. తరువాత క్రేన్లు, కన్వేయర్లు వచ్చాయి. ఒంటి పని తగ్గి కుర్చీ పని పెరిగింది. నడుము విరిచే ఆ చాకిరీ మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు. కానీ ఒంటికి దూరమైన కదలికను వేరే దారిలో తెచ్చి ఇవ్వాల్సిందే.

ఆ దారి ఈ ఊళ్లో ఎప్పుడో పడింది. వాహనాలను ఆపి తెల్లవారుజామున నడకకు వదిలేసే బీచ్ రోడ్డు అదే. వైద్యం కూడా దీనికి ముద్ర వేసింది. 2009లో 2,331 మంది గుండె వైఫల్య రోగులపై సాగిన హెచ్ఎఫ్-యాక్షన్ అధ్యయనంలో, డాక్టరు పర్యవేక్షణలో మొదలుపెట్టిన వ్యాయామం ప్రమాదం తేలేదు. ఆయువును గొప్పగా పెంచినట్టు తేలకపోయినా, రోగుల రోజువారీ బతుకును కొంత తేలిక చేసింది. కొలత కూడా సులువే. నడుస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట పాడగలిగితే మాత్రం వేగం చాలనట్టు. మాట తడబడి ఆయాసం వస్తే ఆగిపోవాలి. ఛాతీలో నొప్పి వస్తే కూర్చుని తగ్గుతుందేమోనని చూడకూడదు, ఆసుపత్రికే వెళ్లాలి.

వంటిల్లు చెప్పిన పాఠం

ప్రకృతి వైద్యం మన దేశానికి తెలుగు తలుపు తట్టి వచ్చింది. లూయీ కూనే జర్మన్ పుస్తకాన్ని ద్రోణంరాజు వెంకటచలపతి శర్మ 1894లోనే తెలుగులోకి తెచ్చారు. గాంధీజీ దానికి ప్రాచుర్యం తెచ్చారు. మన కాలంలో మంతెన సత్యనారాయణ రాజు ఉప్పూ నూనే లేని వంటను టీవీల ద్వారా ఇంటింటికీ చేర్చారు.

ఉప్పు విషయంలో ప్రకృతి వైద్యులకూ గుండె డాక్టర్లకూ పేచీ తక్కువ. రోజుకు 5 గ్రాములు మించవద్దంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే ఒక చిన్న చెంచాడు. ఆవకాయ, అప్పడం, ఎండుచేప ఒకే పూట పళ్లెంలో పడితే ఆ చెంచా అక్కడే నిండిపోతుంది. అలాగని అతి కట్టడికీ అదనపు ఫలం దక్కలేదు. 2022లో 806 మంది గుండె వైఫల్య రోగులపై జరిగిన సోడియం-హెచ్ఎఫ్ అధ్యయనంలో, సోడియాన్ని 1,500 మిల్లీగ్రాముల లోపుకు కట్టడి చేసే ఆహారం చావులనూ ఆసుపత్రి చేరికలనూ తగ్గించలేకపోయింది. రోగులకు కొంత సుఖం మాత్రం దక్కింది. మితం మంచిదే, ఉప్పు మానేశాం కదా అని మాత్ర మానడం మంచిది కాదు.

విశాఖ ఫిషింగ్ హార్బరులో దిగే కానాగంతలు, కవళ్ల కొవ్వులో ఒమేగా-3 ఉంటుంది. 2008లో ఇటలీలో 6,975 మంది రోగులపై జిస్సీ-హెచ్ఎఫ్ అధ్యయనం చేశారు. రోజుకో గ్రాము ఒమేగా-3 వేసుకున్నవాళ్లలో చావులు 27 శాతం, వేసుకోనివాళ్లలో 29 శాతం. మేలు చిన్నది, కానీ నిజమైనది. చేపను పులుసు పెట్టుకుంటే ఆ మేలు కొంత దక్కవచ్చు. నూనెలో మునిగేలా వేయిస్తే దక్కకపోవచ్చు. ఉత్తరాంధ్ర చోడి అంబలి కూడా మంచి తిండే. అయితే తిండిగానే మంచిది. పూడుకుపోయిన రక్తనాళాన్ని అంబలి తెరవదు.

మద్దిచెక్క పరీక్ష

మన ఇళ్లలో గుండె అనగానే గుర్తొచ్చే మూలిక తెల్లమద్ది (అర్జున). ఆయుర్వేదం దీనికి చెప్పిన పద్ధతి పాలకషాయం. ఒక వంతు చెక్కపొడి, ఎనిమిది వంతుల పాలు, ముప్ఫైరెండు వంతుల నీళ్లు కలిపి, సన్నని సెగ మీద నీళ్లన్నీ ఇగిరి పాలు మిగిలేదాకా కాచాలి. పాలు లేత ఎరుపెక్కుతాయి, రుచి వగరు.

1995లో ఇందోర్ వైద్యులు, మందులకు లొంగని తీవ్ర గుండె వైఫల్యంతో ఉన్న 12 మందికి, మామూలు మందులు ఆపకుండా, ఎనిమిది గంటలకోసారి 500 మిల్లీగ్రాముల అర్జున సారం ఇచ్చారు. ఆయాసం తగ్గింది, పంపింగ్ పెరిగింది. దేశమంతా ఆశలు రేగాయి. 2016లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు అదే మూలికను పెద్ద పరీక్షకు పెట్టారు. వంద మంది రోగులు, పన్నెండు వారాలు. ఈసారి పంపింగ్ పెరగలేదు. రోగుల ఓపికలో మాత్రం కొంత మెరుగు కనిపించింది. కాబట్టి మద్దిచెక్క మీద నేటి తీర్పు: ముట్టుకోకూడనిది కాదు, నమ్ముకుని కూర్చోదగ్గదీ కాదు.

యోగా, నిద్ర, గాలి

2025 జూన్ 21న ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా మూడు లక్షల మందికి పైగా ఆసనాలు వేశారు. ప్రధానమంత్రి వచ్చిన ఆ అంతర్జాతీయ యోగా దినోత్సవం రికార్డు పుస్తకాలకెక్కింది. గుండెకు యోగా ఏం చేస్తుందో దేశంలోని 24 ఆసుపత్రులు కలిసి అంతకు ముందే పరీక్షించాయి. గుండెపోటు నుంచి బయటపడ్డ 3,959 మందిపై చేసిన యోగా-కేర్ ఫలితాలు 2020లో వచ్చాయి. చావులూ మళ్లీ వచ్చే పోట్లూ తగ్గినట్టు గట్టి రుజువు దొరకలేదు. కానీ యోగా చేసినవాళ్లు తమ మునుపటి పనుల్లోకి మెరుగ్గా తిరిగి వెళ్లగలిగారు. భయం వదిలి మళ్లీ మనిషిలా తిరగడం చిన్న లాభమేమీ కాదు.

ఉక్కు నగరానికి ఇంకో లెక్క ఉంది. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసులకు రాత్రీ పగలూ తేడా లేదు. వాటిని నడిపే మనుషులకు ఉంటుంది. 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ 34 అధ్యయనాలను కలిపి చూసి, షిఫ్టు పని చేసేవాళ్లలో గుండెపోటు ముప్పు 23 శాతం ఎక్కువని తేల్చింది. సీ షిఫ్టు (రాత్రి పని) దిగినవాడికి ఇంట్లో చీకటి గది, నిశ్శబ్దం, ఆరేడు గంటల నిద్ర సమకూర్చడం ఏ టానిక్కుకూ తీసిపోని సాయం. వన్‌టౌన్ మేడల మీద పేరుకునే బొగ్గు ధూళి సంగతీ మరవకూడదు. గాలిలోని సన్నటి కణాలు గుండెజబ్బుకు కారణమవుతాయని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2010లోనే స్పష్టంగా ప్రకటించింది. ఆ గాలిని ఏ ప్రాణాయామమూ శుద్ధి చేయలేదు. అది పోర్టూ ప్రభుత్వమూ చేయాల్సిన పని.

ప్రమాదం ఎక్కడుంది?

‘ఆపరేషన్ లేకుండా గుండె బాగు’ అనే ప్రకటనలు తెలుగు పత్రికల్లో చాలాకాలంగా చూస్తున్నాం. వాటిలో ఒంట్లోని లోహాలను బయటికి తీసే కీలేషన్ సెలైన్లు ఒకటి. 2013లో 1,708 మందిపై జరిగిన టాక్ట్ అధ్యయనం కొద్దిపాటి మేలు చూపింది. మధుమేహం ఉన్న వెయ్యి మందిపై మళ్లీ చేసిన టాక్ట్-2 ఫలితాలు 2024లో వచ్చాయి. ఆ మేలు కనిపించలేదు.

అసలు ముప్పు కలగలుపులో ఉంది. అతిమధురం ఎక్కువైతే పొటాషియం పడిపోతుంది, బీపీ పెరుగుతుంది. నీరు తీసే మాత్ర, డిగాక్సిన్ వాడేవాళ్లకు అది ప్రాణం మీదికి తెస్తుంది. రక్తం పలచబడేందుకు వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూరలు ఒక వారం కట్టలు కట్టలుగా తిని మరో వారం మానేస్తే మాత్ర మోతాదు అదుపు తప్పుతుంది. ‘సోడియం తక్కువ ఉప్పు’ ప్యాకెట్లో ఉండే పొటాషియం, కొన్ని గుండె మాత్రలతో కలిస్తే లయ తప్పిస్తుంది. 2004లో బోస్టన్ దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్లో పద్నాలుగింటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటి లోహాలు బయటపడ్డాయి. నాటువైద్యం కాబట్టి హాని ఉండదనే మాట నిజం కాదు.

ఈ వందేళ్లలో గుండె వైఫల్య రోగి ఆయువును నిజంగా పెంచినవి ముఖ్యంగా మందులే. 1987 నుంచి ఏసీఈ నిరోధకాలు, ఆ తరువాత బీటా బ్లాకర్లు, స్పైరనోలాక్టోన్, 2019 నుంచి ఎస్‌జీఎల్‌టీ2 మాత్రలు ఒక్కొక్కటీ వేల మందిపై పరీక్షకు నిలబడ్డాయి. నడక, మితమైన ఉప్పు, యోగా, నిద్ర వీటి పక్కన నిలబడి బతుకును తేలిక చేశాయి. పక్కన నిలబడినంత కాలం అవి వైద్యమే. మందుల చోటును ఆక్రమించిన రోజున రోగి నష్టపోయాడు.

గుండె మందులు వాడుతున్న పాఠకులకు మనవి. రోజూ పొద్దున్నే బరువు చూసుకోండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టే, డాక్టరుకు ఫోన్ చేయండి. మీరు తాగే కషాయం, మింగే పొడి, వాడే టానిక్కు అన్నీ ఒక కాగితం మీద రాసి తదుపరి ఓపీకి పట్టుకెళ్లండి. డాక్టరు తిడతారని దాచకండి. తిట్టినా నష్టం లేదు, దాస్తేనే నష్టం.